గేజా వెర్మెష్ రచనలు

గేజా వెర్మెష్ (1924–2013) హంగేరీలో పుట్టి, బెల్జియంలో చదువుకొని, ఇంగ్లండులో స్థిరపడిన యూదు చరిత్రకారుడు, బైబిలు పండితుడు. మృత సముద్రపు చుట్టలను పండితుల బల్లల మీది నుంచి మామూలు ఇంగ్లీషు చదువరుల చేతుల్లోకి తెచ్చినవాడు. యేసును మొదటి శతాబ్దపు గలిలయ యూదుడిగా చూడాలన్న మాట ఇవాళ విశ్వవిద్యాలయాల్లో ఎవరినీ ఉలిక్కిపడేలా చేయదు. అలా కావడానికి ఆయన 1973లో రాసిన పుస్తకం ఒక ముఖ్య కారణం.

ఆయన పేరు మీద ఉన్న పుస్తకాల పట్టిక చాలా పొడవు. అయితే ఆ పట్టికను లెక్కపెట్టి ఆయన కృషిని అంచనా వేయబోతే పొరబడతాం. అందులో చాలావరకు ఒక పాత పుస్తకం పెరిగి పెద్దదైన రూపం, లేదా ఒకదాన్ని విడదీసి మళ్లీ కూర్చిన రూపం, లేదా మరొకరి గ్రంథానికి చేసిన సంస్కరణ. పవిత్ర గ్రంథాన్ని తరతరాలవాళ్లు ఎలా తిరగరాసుకున్నారన్నది వెర్మెష్ తొలి రోజుల్లో పట్టుకున్న పరిశోధనాంశం. తన పుస్తకాల విషయంలోనూ ఆయన చేసింది అదే పని.

జీవితం

వెర్మెష్ 1924 జూన్ 22న హంగేరీలోని మాకో పట్టణంలో యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రి పత్రికా రచయిత, తల్లి బడిపంతులమ్మ. కొడుక్కి ఏడేళ్లు వచ్చేసరికి ముగ్గురూ కేథలిక్ మతం పుచ్చుకున్నారు. యూదు వ్యతిరేక చట్టాల ముందు ఆ బాప్తిస్మం ఎందుకూ పనికిరాలేదు. 1944లో తల్లిదండ్రులిద్దరూ నాజీల మారణకాండకు బలయ్యారు. గురువిద్యలో ఉన్న కొడుకు చర్చి పెద్దల అండతో దాక్కొని బతికాడు. యుద్ధం తర్వాత ఫాదర్స్ ఆఫ్ సియోన్ అనే సభలో చేరి, బెల్జియంలోని లూవెన్‌లో ప్రాచ్య భాషలు, చరిత్ర చదివాడు, గురువుగా అభిషిక్తుడయ్యాడు. 1957లో గురుత్వం వదిలి ఇంగ్లండు వచ్చి, మరుసటి ఏడాది పమేలా హాబ్సన్‌ను పెళ్లాడాడు. న్యూకాసిల్‌లో ఎనిమిదేళ్లు పనిచేసి 1965లో ఆక్స్‌ఫర్డ్‌లో యూదు అధ్యయనాల రీడర్‌గా చేరాడు. తర్వాత అక్కడే ప్రొఫెసర్ అయి 1991లో విరమించాడు. కాలక్రమాన మళ్లీ యూదు సమాజంలోకి వచ్చాడు. 2013 మే 8న కన్నుమూశాడు. 1998లో అచ్చయిన ఆత్మకథకు 'ప్రావిడెన్షియల్ యాక్సిడెంట్స్' అని పేరు పెట్టుకున్నాడు. దైవికమైన ఆకస్మికాలు అన్నమాట. ఈ జీవితానికి అంతకన్నా తగిన పేరు దొరకదు.

చుట్టల మీద తొలి పని

1947 ప్రాంతంలో మృత సముద్రపు వాయవ్య తీరాన, కుమ్రాన్ దగ్గరి గుహల్లో తోలు చుట్టలు బయటపడినప్పుడు వెర్మెష్ వయసు ఇరవై మూడేళ్లు. రంగం కొత్తది. అందులో పాత పెద్దలు అంటూ ఎవరూ లేరు. కుర్రవాడైనా తోచింది చెప్పవచ్చు. ఆయన డాక్టరేటు పరిశోధన ఈ చుట్టల చారిత్రక నేపథ్యం మీదే సాగింది. 1953లో అది ఫ్రెంచిలో పుస్తకంగా వచ్చింది. 1956లో వచ్చిన ఇంగ్లీషు రూపానికి 'డిస్కవరీ ఇన్ ద జుడియన్ డెజర్ట్' అని పేరు.

ఆ పుస్తకంలోని ముఖ్య ప్రతిపాదన ఒక మారుపేరుకు సంబంధించినది. చుట్టలు రాసిన సమాజం తమ స్థాపకుడిని నీతిబోధకుడు అంటుంది, ఆయనను హింసించినవాణ్ణి దుష్ట యాజకుడు అంటుంది. అసలు పేర్లు చెప్పదు. దుష్ట యాజకుడంటే మక్కబీయుల వంశానికి చెందిన యోనాతాను అని వెర్మెష్ వాదించాడు. యోనాతాను క్రీ.పూ. 152లో, సిరియా సింహాసనానికి పోటీపడుతున్న ఒక గ్రీకు ప్రభువు చేతి మీదుగా ప్రధాన యాజకత్వం పుచ్చుకున్నవాడు, చివరికి అన్యజాతి సేనాని చేతిలో చచ్చినవాడు. మొదట మంచిపేరుతో ఉండి, అధికారం వచ్చాక చెడి, శత్రువుల చేత చిక్కాడని హబక్కూకు గ్రంథం మీది కుమ్రాన్ వ్యాఖ్య చెప్పే వర్ణన ఆ బతుకుతో కుదురుతుంది. తర్వాత మిలిక్ వంటి పెద్ద పండితులు ఇదే దారి పట్టడంతో, కొన్ని దశాబ్దాలపాటు రంగంలో ఎక్కువమంది ఒప్పుకున్న చట్రం ఇదే అయింది. దుష్ట యాజకుడు ఒక్కడు కాడనీ, అది ఒకరి తర్వాత ఒకరికి అంటిన పేరనీ చెప్పేవాళ్లు తర్వాత వచ్చారు. వెర్మెష్ మాత్రం తన మాట మార్చుకోలేదు. సవరించడానికి ఎన్నడూ వెనుకాడని ఆ మనిషి ఈ ఒక్కచోట బిగిసి కూర్చున్నాడు.

తిరగరాసిన బైబిలు

1961లో బ్రిల్ సంస్థ అచ్చువేసిన 'స్క్రిప్చర్ అండ్ ట్రెడిషన్ ఇన్ జుడాయిజం' చదివినవాళ్లు తక్కువ. దాన్ని వాడుకున్నవాళ్లు మాత్రం లెక్కకు మిక్కిలి. ఈ వ్యాసకర్త దృష్టిలో వెర్మెష్ రాసినవాటిలో ఎక్కువకాలం నిలిచేది ఇదే. 'రీరిటెన్ బైబిల్', అంటే తిరగరాసిన బైబిలు అనే పారిభాషిక పదం ఇందులోనే పుట్టింది.

సంగతి ఇది. మూలగ్రంథం కథ చెబుతూ చెబుతూ ఎక్కడో ఖాళీ వదులుతుంది. అక్కడ వినేవాడికి ప్రశ్న పుడుతుంది. తర్వాతి తరం చెప్పేవాడు ఆ ప్రశ్నకు జవాబు కూడా కలిపి కథ చెబుతాడు. అది వ్యాఖ్య అని వేరుగా చూపడు, కథలోనే కరిగించేస్తాడు. తెలుగువాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. పద్నాలుగేళ్లు ఊర్మిళ ఏం చేసిందన్న ప్రశ్నకు రామాయణం చెప్పని జవాబు మన ఆడవాళ్ల 'ఊర్మిళాదేవి నిద్ర' పాట చెబుతుంది. అబ్రాము ఐగుప్తుకు వెళ్తూ భార్యను చెల్లెలని చెప్పమని ఎందుకు అడిగాడో ఆదికాండము క్లుప్తంగా చెప్పి ఊరుకుంటుంది. కుమ్రాన్‌లో దొరికిన అరమాయిక్ చుట్ట, పండితులు ఆదికాండ అపోక్రిఫాన్ అని పిలిచేది, అక్కడ ఆగదు. అబ్రాముకు ఒక కల వచ్చిందంటుంది. దేవదారును నరకడానికి మనుషులు వస్తే పక్కనున్న ఖర్జూరపు చెట్టు అడ్డుపడి కాపాడిందట. ఆపైన సారయి అందాన్ని జుట్టు నుంచి పాదాల దాకా వర్ణిస్తుంది. ఫరో ఆమెను ఎందుకు కోరాడో ఇప్పుడు శ్రోతకు అర్థమవుతుంది, మొగుడి అబద్ధానికీ ఒక సాకు దొరుకుతుంది.

జూబిలీల గ్రంథం, మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాసిన యూదుల ప్రాచీన చరిత్ర, పాలస్తీనా తర్గూములు అనే అరమాయిక్ బైబిలు అనువాదాలు, ఇవన్నీ ఈ ఒక్క పనికే వేర్వేరు నమూనాలని వెర్మెష్ చూపాడు. ఆయన పద్ధతి రెండువైపులా నడుస్తుంది. ముందు ఒక మధ్యయుగపు కథనాన్ని తీసుకొని వెనక్కి, ఇంకా వెనక్కి నడిచి ప్రతి అంశం ఎంత పాతదో తవ్వుతాడు. తర్వాత మరో కథను పుట్టుక నుంచి ముందుకు నడిపిస్తాడు. ఈ దారి ఆయనకు ఒంటరిగా దొరకలేదు. పారిస్‌లో సియోన్ సభ పత్రికలో ఆయనతోపాటు పనిచేసిన రెనే బ్లాక్, మిద్రాష్ అనే యూదు గ్రంథవ్యాఖ్య మీద ఇటువంటి పద్ధతికే పునాది వేసింది. 1955లో బల్గేరియా మీదుగా వెళ్తున్న ఇజ్రాయెల్ విమానాన్ని కూల్చివేసినప్పుడు ఆమె మరణించింది.

ఆయన పెట్టిన పేరు మీద ఇప్పటికీ తగువు ఉంది. ఆ రోజుల్లో బైబిలు అంటూ గీత గీసిన ఒక సంపుటమే లేనప్పుడు దాన్ని 'తిరగరాయడం' ఏమిటన్నది ఎదుటివాళ్ల ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. అయినా పేరు పోలేదు. పేరు మార్చాలని వాదించేవాళ్లు కూడా ముందు ఆ పేరు ఎత్తక తప్పడం లేదు.

ఒకే పుస్తకం, యాభై ఏళ్లు

1962లో పెంగ్విన్ సంస్థ 'ద డెడ్ సీ స్క్రోల్స్ ఇన్ ఇంగ్లిష్' తెచ్చింది. చవక ధర, పలుచని అట్ట. అప్పటికి అచ్చయిన చుట్టలే కొన్ని కాబట్టి పుస్తకమూ చిన్నదే. రెండో ముద్రణ 1975లో, మూడోది 1987లో, నాలుగోది 1995లో వచ్చాయి. చుట్టలు దొరికి యాభై ఏళ్లయిన సందర్భంగా 1997లో దాని పేరే మారి 'ద కంప్లీట్ డెడ్ సీ స్క్రోల్స్ ఇన్ ఇంగ్లిష్' అయింది. ఆ తర్వాత 2004లో ఇంకొకసారి సవరించాడు.

ఈ ముద్రణల మధ్య దూరాలను చూస్తే చుట్టల రంగపు కష్టకాలం కళ్లకు కడుతుంది. నాలుగో గుహలో దొరికిన వేలాది తునకలను యెరూషలేములోని ఒక చిన్న బృందం తన దగ్గరే ఉంచుకుంది. ఏళ్లు గడుస్తున్నా ప్రచురణ కదల్లేదు, బయటివాళ్లకు చూపనూ లేదు. 1977లో వెలువరించిన 'ద డెడ్ సీ స్క్రోల్స్: కుమ్రాన్ ఇన్ పర్‌స్పెక్టివ్' పుస్తకంలో వెర్మెష్ ఈ జాప్యాన్ని ఇరవయ్యో శతాబ్దపు విద్యారంగానికే పెద్ద అపకీర్తి కాబోతోందని హెచ్చరించాడు. ఆ మాట నిలిచిపోయింది. వినవలసినవాళ్లు వినడానికి మాత్రం మరో పద్నాలుగేళ్లు పట్టింది. 1991 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ గ్రంథాలయం తన దగ్గరున్న ఛాయాచిత్రాలను అందరికీ తెరిచింది. కొద్ది వారాల్లో ఇజ్రాయెల్ పురావస్తు శాఖ కూడా ఆంక్షలు ఎత్తేసింది. 1987 ముద్రణకూ 1995 ముద్రణకూ నడుమ పుస్తకం ఒక్కసారిగా ఉబ్బడానికి కారణం ఇదే.

అనువాదంగా దాని గుణమేమిటి? తునకలో అక్షరం పోయిన ప్రతి చోటా గుర్తులు పెట్టి చదువరిని తడబడేలా చేయకుండా, పట్టి చదివించే ఇంగ్లీషు రాశాడు. కీర్తనలకు పద్యపు నడక ఇచ్చాడు. పరిశోధకులకు ఇది చాలదు. వాళ్లు మూలాన్ని ఎదురెదురు పుటల్లో ఇచ్చే సంపుటాలు వాడతారు. 'కంప్లీట్' అన్న పేరు కూడా పూర్తి నిజం కాదు. బైబిలు పుస్తకాల ప్రతులు ఇందులో లేవు. అర్థం పట్టుకోలేనంత చిన్న తునకలనూ ఆయన వదిలేశాడు. 1977 నాటి పరిచయ గ్రంథం కూడా ఇలాగే 1999లో కొత్త పేరుతో, కొత్త సమాచారంతో తిరిగి వచ్చింది. పట్టికలో అవి రెండు పుస్తకాలు.

నాలుగో గుహలో దొరికిన సమాజ నియమావళి ప్రతులు పదింటిని అచ్చువేసే పని చివరికి వెర్మెష్‌కూ ఫిలిప్ అలెగ్జాండర్‌కూ దక్కింది. అధికారిక ప్రచురణ మాలలో 26వ సంపుటంగా అది 1998లో వెలువడింది. ఈ ప్రతులు ఒకదానితో ఒకటి ఏకీభవించవు. మొదటి గుహ ప్రతిలో సాదోకు కుమారులైన యాజకులకు అధికారమిచ్చే చోట, నాలుగో గుహ ప్రతులు కొన్ని సమాజంలోని 'అనేకుల'కు అధికారం ఇస్తాయి. పొట్టి పాఠమే పాతదని, యాజకుల పెత్తనం తర్వాత చేరిందని వెర్మెష్ అన్నాడు. మొదటి గుహ ప్రతే ముందుదని అలెగ్జాండర్ అన్నాడు. ఒకే సంపుటం మీద రెండు పేర్లు, మూలం మీద రెండు అభిప్రాయాలు!

షూరర్ పునర్నిర్మాణం

జర్మన్ పండితుడు ఎమిల్ షూరర్ (1844–1910) రాసిన యేసు కాలపు యూదుల చరిత్ర 1874లో చిన్న పాఠ్యగ్రంథంగా మొదలై, ఆయన చేతిలోనే పెరిగి పెద్ద సంపుటాలైంది. సమాచారానికి దాన్ని మించినది లేదు. దృష్టి మాత్రం ఆనాటి ప్రొటెస్టెంటు దృష్టి. పరిసయ్యుల మతమంటే ప్రాణంలేని నియమాల మోపు అన్న తీర్పు పుట పుటలో తగులుతుంది. దాన్ని కొత్త ఆధారాలతో ఇంగ్లీషులోకి తేవాలని పూనుకున్నప్పుడు ఆ భారం వెర్మెష్ మీద, రోమన్ చరిత్రకారుడు ఫెర్గస్ మిల్లర్ మీద పడింది. మొదటి సంపుటం 1973లో, రెండోది 1979లో, మూడోది రెండు భాగాలుగా 1986లోనూ 1987లోనూ వచ్చాయి. మాథ్యూ బ్లాక్ పర్యవేక్షించాడు, చివరి సంపుటానికి మార్టిన్ గుడ్‌మన్ తోడయ్యాడు. పమేలా వెర్మెష్ భాష చూసింది.

పాత గ్రంథానికి అడుగున గమనికలు తగిలించి సరిపెట్టుకోవచ్చు. వీళ్లు అలా చేయలేదు. షూరర్ వాక్యాల్లోకే చేయి పెట్టారు. కాలం చెల్లినవి తీసేశారు, పాపిరస్‌లు, శాసనాలు, చుట్టల సమాచారం కలిపారు. యూదుమతం మీది తీర్పులను తొలగించారు. 'ధర్మశాస్త్రం కింద జీవితం' అన్న ప్రకరణం పేరు 'జీవితం, ధర్మశాస్త్రం' అయింది. ఒక విభక్తి పోతే ఒక శతాబ్దపు చిన్నచూపు పోయింది. ఇలా చేసిన గ్రంథం షూరర్‌ది అనవచ్చునా అన్న అభ్యంతరం రాకపోలేదు. పరిశోధకులు దాన్ని 'కొత్త షూరర్' అని పిలుచుకుంటూ ఆ చిక్కు దాటేశారు.

యూదుడైన యేసు

షూరర్ మొదటి సంపుటం వచ్చిన ఏడాదే 'జీసస్ ద జ్యూ' కూడా వచ్చింది. వెర్మెష్‌కు పేరు తెచ్చిందీ, అటు యూదుల నుంచీ ఇటు క్రైస్తవుల నుంచీ తిట్లు తెచ్చిందీ ఇదే. పుస్తకం అమరిక సాదాగా ఉంటుంది. ముందు గలిలయ ప్రాంతం, అక్కడి మనుషులు. ఆపైన యేసుకు సువార్తలు ఇచ్చిన పేర్లు ఒక్కొక్కటీ: ప్రవక్త, ప్రభువు, మెస్సీయ, మనుష్యకుమారుడు, దేవుని కుమారుడు. ప్రతి పేరునూ ఆనాటి అరమాయిక్, హీబ్రూ వాడుకలో పెట్టి చూస్తాడు.

యేసును ఆయన గలిలయ హసీదుగా, అంటే దేవుడితో చనువున్న భక్తుడిగా చూశాడు. పోలికకు ఇద్దరిని పిలిచాడు. ఒకడు హోనీ. నేల మీద గిరి గీసుకొని, వాన పడేదాకా దీనిలోంచి కదలనని దేవుడి మీద అలిగి కూర్చున్నవాడు. వానకోసం విరాటపర్వం చదివించిన ఊళ్లవాళ్లకు ఆ మొండితనం వింతగా తోచదు. క్రీ.పూ. 65 ప్రాంతంలో అంతర్యుద్ధం నడుమ అతన్ని రాళ్లతో కొట్టి చంపారని జోసెఫస్ రాశాడు. రెండోవాడు హనీనా బెన్ దోసా, నజరేతుకు ఎంతో దూరంలేని పల్లెవాడు. యెరూషలేములో జబ్బుపడ్డ, గమలీయేలు అనే బోధకుడి కొడుకును ఉన్నచోటి నుంచే ప్రార్థించి బాగుచేశాడని యూదు బోధకుల సంకలనమైన తాల్ముద్ చెప్పే కథ.

ఇక్కడే పుస్తకపు బలహీనత కూడా ఉంది. హనీనా కథలు రాతకెక్కింది ఆయన తర్వాత ఎంతో కాలానికి. జాన్ మేయర్ వంటి పండితులు ఈ సంగతే గట్టిగా పట్టుకున్నారు. తాల్ముద్ వెనుక మొదటి శతాబ్దపు గలిలయ ఎంత ఉందో తేల్చకుండా పోలిక తేవడం తొందరపాటే. అయితే వెర్మెష్ తెచ్చిన మార్పు ఆ ఇద్దరి మీద ఆధారపడి లేదు. యేసు గురించి రాసేవాడు యూదు మూలాలు చదవకుండా రాయకూడదన్నది స్థిరపడిపోయింది.

'మనుష్యకుమారుడు' గురించిన వాదం అంతకుముందుదే. మాథ్యూ బ్లాక్ రాసిన సువార్తల అరమాయిక్ నేపథ్యపు పుస్తకం మూడో ముద్రణకు (1967) అనుబంధంగా వచ్చింది. తెలుగు బైబిలులో ఈ మాట బిరుదులాగే ధ్వనిస్తుంది. అరమాయిక్‌లో 'బర్ నాషా' అంటే ఉత్త 'మనిషి' అనీ, మాట్లాడేవాడు అణకువతోనో భయంతోనో 'నేను' అనకుండా ఆ మాట వాడేవాడనీ వెర్మెష్ ఉదాహరణలు కూర్చాడు. ఎండన పడి ఇంటికొచ్చినవాడు 'మనిషన్నవాడికి మంచినీళ్లన్నా ఇవ్వరా?' అంటే ఆ మనిషి ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు. ఉదాహరణలు తర్వాతి శతాబ్దాలవనీ, మొదట అకారం ఊడిన ఆ రూపమే ఆలస్యంగా వచ్చిందనీ జోసెఫ్ ఫిట్జ్‌మయర్ ఎదురు నిలిచాడు. మారిస్ కేసీ, బర్నబాస్ లిండర్స్ ఈ దారినే తలా ఒక తీరుగా ముందుకు తీసుకెళ్లారు. తగువు నేటికీ ఆరలేదు.

తర్వాతి యేసు పుస్తకాలు

1983లో వ్యాసాల సంపుటి, 1993లో 'ద రిలీజియన్ ఆఫ్ జీసస్ ద జ్యూ' వచ్చి మొదటి పుస్తకంతో కలిసి త్రయమయ్యాయి. 2000లో వచ్చిన 'ద ఛేంజింగ్ ఫేసెస్ ఆఫ్ జీసస్' యోహాను నుంచి మొదలుపెట్టి, పౌలు మీదుగా వెనక్కి నడిచి గలిలయ చేరుతుంది. 1961 నాటి వెనుకనడక పద్ధతి ఇక్కడ మళ్లీ పనికొచ్చింది. యేసు మాటలన్నిటినీ వరసగా తూచిన పుస్తకం 2003లో, శ్రమల కథ మీద 2005లో, జననం మీద 2006లో, పునరుత్థానం మీద 2008లో వచ్చాయి. ఆ చివరి మూడూ 2010లో ఒకే సంపుటంలో ఒదిగాయి. సాఫీగా నడుస్తాయి, పెద్ద అక్షరాలు, చిన్న ప్రకరణాలు. ముందు పుస్తకాలు చదివినవాడికి మాత్రం కొత్త తక్కువ. 'క్రిస్టియన్ బిగినింగ్స్' (2012) అలాంటిది కాదు. ఎనభై ఎనిమిదేళ్ల వయసులో క్రీ.శ. 30 నుంచి 325 నాటి నికయ సభ దాకా నడిచి, గలిలయ బోధకుడు దేవుడితో సమానుడని ప్రకటింపబడడం వెనుక ఒక్కొక్క మెట్టునూ లెక్కించాడు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ రోవన్ విలియమ్స్ స్వయంగా సమీక్షించి, విభేదిస్తూనే మెచ్చుకున్నాడు. హేరోదు మీది పుస్తకం ఆయన పోయాక 2014లో అచ్చయింది.

పట్టికకు ఎక్కని పని ఒకటుంది. 'జర్నల్ ఆఫ్ జ్యూయిష్ స్టడీస్' పత్రికకు 1971 నుంచి చనిపోయేదాకా ఆయనే సంపాదకుడు. ఇతరుల వ్యాసాలు దిద్దుతూ గడిపిన నలభై రెండేళ్లవి.

వెర్మెష్ అనువాదాన్ని ఉదహరించేవాళ్లు ఒక చిన్న జాగ్రత్త పడాలి. 1962 ప్రతిలోని పుట సంఖ్య 1987 ప్రతికి కుదరదు, 1987 నాటిది 1997 ప్రతికి కుదరదు. చుట్ట పేరు, నిలువు వరస, పంక్తి చెప్పాలి, ఏ ముద్రణో కూడా చెప్పాలి. పాత పుస్తకాల కొట్లో అట్ట చిరిగిన మొదటి ముద్రణ దొరికితే మాత్రం వదలకూడదు. 1962లో ప్రపంచం ఎన్ని చుట్టలు చదవగలిగిందో అది చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది.